అమెరికాలో సంక్రాంతి: పనిరోజుల మధ్య మూడు రోజుల పండగ ఎలా చేసుకోవాలి

అమెరికాలో సంక్రాంతి ఎక్కువసార్లు పనిరోజునే వస్తుంది. ఆఫీసుకి సెలవు ఉండదు, పిల్లలకి స్కూలు ఉంటుంది, బయట మంచు. దాంతో చాలామంది ఆ నెలలో ఏదో ఒక శనివారం తెలుగు సంఘం వేడుకకి వెళ్ళి, పిల్లల డాన్సులు చూసి, అరిటాకు బొమ్మ వేసిన ప్లేట్లో భోంచేసి వచ్చి పండగ అయిందనిపిస్తారు. ఆ వేడుకకి తప్పకుండా వెళ్ళండి. కాకపోతే అక్కడ మీ పిల్లలు కుర్చీల్లో కూర్చుని చూసేవాళ్ళే. పిండి జల్లించిన పిల్లకి, గొబ్బెమ్మ చేసిన పిల్లాడికి పండగ గుర్తుండే తీరు వేరు. అందుకని నేను చెప్పేది ఇదే: భోగికి ఒక పని, సంక్రాంతికి ఒక పని, కనుమకి ఒక పని పెట్టుకుని అవి ఇంట్లో మీ చేతులతో చేయండి. మిగతావి కుదిరితే చేయండి, కుదరకపోతే వదిలేయండి.

చలి రాష్ట్రాల్లో అపార్ట్‌మెంట్‌లోనో మామూలు ఇంట్లోనో ఉండే కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉన్నవాళ్ళకి సగం కష్టాలు తగ్గుతాయి.

ముందు తేదీ, టైము తేల్చుకోండి

సూర్యుడు మకరరాశిలోకి వచ్చేది ఒకే క్షణంలో. ఆ క్షణానికి ఇండియాలో ఒక తేదీ, ఇక్కడ ఇంకో తేదీ ఉండవచ్చు. 2024లో సంక్రమణం ఇండియా లెక్కన జనవరి 15 తెల్లవారుజామున సుమారు 2:54కి. అందుకే అక్కడ 15న పండగ. అదే క్షణం న్యూయార్క్‌లో 14వ తేదీ సాయంత్రం నాలుగు దాటింది. కాబట్టి ఇండియా క్యాలెండర్ చూసి గుడ్డిగా వెళ్ళకుండా, మీ ఊరు పేరు కొట్టి వచ్చే పంచాంగం చూడండి, లేదా దగ్గర్లోని గుడికి ఫోన్ చేయండి. తర్పణాలు ఇచ్చేవాళ్ళు మాత్రం ఇది తప్పకుండా చూసుకోవాలి. మిగతావాళ్ళు అమ్మావాళ్ళు చేసుకునే రోజునే చేసుకుంటామన్నా నాకేం అభ్యంతరం కనిపించదు.

ఇక ఫోన్ లెక్క. చలికాలంలో ఈస్ట్ కోస్ట్‌కీ ఇండియాకీ పదిన్నర గంటల తేడా, సెంట్రల్ అయితే పదకొండున్నర, వెస్ట్ కోస్ట్ అయితే పదమూడున్నర. ఈ తేడా పండక్కి అడ్డం అనుకుంటాం గానీ, సరిగ్గా వాడుకుంటే భలే కలిసొస్తుంది. ఊళ్ళో భోగిమంట తెల్లవారి ఐదింటికి వేస్తే, న్యూజెర్సీలో అది ముందురోజు సాయంత్రం ఆరున్నర. పిల్లలు స్కూలు నుంచి వచ్చి, తిని, మెలకువగా ఉండే సమయం. తాతగారి వాకిట్లో మంట లైవ్‌లో చూపించడానికి ఇంతకన్నా మంచి టైము దొరకదు. అలాగే ఇక్కడ భోగి సాయంత్రం ఆరింటికి మీరు భోగిపళ్ళు పోస్తుంటే, అక్కడ సంక్రాంతి తెల్లవారుజాము నాలుగున్నర. మామూలు రోజుల్లో ఆ టైముకి ఎవరినీ లేపలేం. పండగ రోజు మాత్రం మన అమ్మలు, అత్తలు అప్పటికే లేచి వాకిట్లో కళ్ళాపి చల్లుతుంటారు. ఫోన్ ముందే కుదుర్చుకోండి, అరుగు మీద ఎవరో ఒకరు ఫోన్ ఆనించి పెట్టేలా చెప్పండి.

ఇంకొకటి కలిసొచ్చేది, జనవరి మూడో సోమవారం. అది మార్టిన్ లూథర్ కింగ్ దినం, ఫెడరల్ సెలవు, స్కూళ్ళు దాదాపు అన్నీ మూసేస్తారు. తేదీ 15 నుంచి 21 మధ్యలో పడుతుంది కాబట్టి ఆ లాంగ్ వీకెండ్ ఎప్పుడూ సంక్రాంతిని ఆనుకునే ఉంటుంది. పదిమందిని పిలవాల్సిన పనులన్నీ, అంటే పేరంటం, బొమ్మల కొలువు, గాలిపటాలు, ఆ శనివారానికి నెట్టేయండి. ఇంటి మట్టుకు చేసుకునేవి మాత్రం ఏ రోజువి ఆ రోజునే.

సరుకులు రెండు వారాల ముందు

ఇండియన్ షాపుల్లో పండగ వారం చెరుకు, బంతిపూలు, మామిడాకులు వస్తాయి, ఒక్క రోజులో అయిపోతాయి. చెరుకు గడ అక్కడ దొరక్కపోతే మెక్సికన్ షాపుకి వెళ్ళి కాన్యా ఉందా అని అడగండి. వాళ్ళు క్రిస్మస్ రోజుల్లో తాగే వేడి పానీయంలో చెరుకు ముక్కలు వేస్తారు కాబట్టి జనవరి మొదట్లో కూడా ఇంకా దొరుకుతుంది. వియత్నామీ షాపుల్లోనూ చూడండి. బంతిపూలు లేకపోతే మామూలు సూపర్‌మార్కెట్ పూల విభాగంలో చామంతులు ఉంటాయి, వాటి రెక్కలు భోగిపళ్ళకి సరిగ్గా సరిపోతాయి.

ఇండియా నుంచి ఎవరైనా వస్తుంటే సరుకు తెప్పించుకోవాలని చేయి దురద పెడుతుంది. బెల్లం, నువ్వులు, పచ్చళ్ళు సరే, కస్టమ్స్ వాళ్ళకి చెప్పి తెచ్చుకోవచ్చు. పచ్చి కరివేపాకు, చెరుకు గడ, రేగిపళ్ళు వద్దు, తీసి పారేస్తారు. పిడకలు అసలే వద్దు. 2021లో వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయంలో ఎవరో వదిలేసిన సూట్‌కేసులో రెండు పిడకలు దొరికితే కస్టమ్స్ వాళ్ళు వాటిని నాశనం చేసి, దాని మీద ప్రకటన కూడా ఇచ్చారు. గాలికుంటు వ్యాధి భయం వాళ్ళకి. ఆ జబ్బు 1929 తర్వాత అమెరికా పశువుల్లో లేదు, అందుకే అంత పట్టింపు. గల్ఫ్‌లో, సింగపూర్‌లో ఉన్న మనవాళ్ళకి ఇంకో మాట: అరిసెల కోసమని గసగసాలు సూట్‌కేసులో పెట్టుకోకండి. యూఏఈలోనూ సింగపూర్‌లోనూ గసగసాలు నిషేధం, పట్టుబడితే అరిసెల కోసమని చెప్పినా వినరు. నువ్వులతో సరిపెట్టుకోండి.

అరిసెలు: ముందు వారాంతం

పండగ పిండివంటల్లో ఏదో ఒకటి ఇంట్లో చేయాలి. జంతికలు, బూందీ లడ్డు బయట కొన్నా ఎవరూ ఏమనరు. అరిసెలు మాత్రం చేసి చూడండి, ఎందుకంటే ఇది ఒక్కరు చేసే వంట కాదు. పాకంలో పిండి పోసేవాళ్ళు ఒకరు, కలిపేవాళ్ళు ఒకరు, వత్తేవాళ్ళు, వేయించేవాళ్ళు, నూనె నొక్కేవాళ్ళు. ఇల్లంతా వంటింట్లోకి రాక తప్పదు. మొదటిసారైతే అరకిలో బియ్యంతో మొదలుపెట్టండి. కింద కిలో లెక్కన చెప్తున్నాను, సగం చేసుకోండి.

బియ్యం ఏది వాడాలన్నది మొదటి ప్రశ్న. ఇడ్లీ రైస్ అని అమ్మేది ఉప్పుడు బియ్యం, పనికిరాదు. మామూలు సోనా మసూరి పచ్చి బియ్యం తీసుకోండి. శుక్రవారం రాత్రి నానబోసి, మధ్యలో రెండు మూడుసార్లు నీళ్ళు మార్చి, శనివారం రాత్రి వడకట్టండి. ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఊళ్ళో తడి బియ్యం బట్ట మీద కాసేపు ఆరబెట్టమంటారు. అమెరికాలో జనవరిలో హీటర్ వేసిన ఇంట్లో గాలి ఎముకలా పొడిగా ఉంటుంది, బియ్యం మీరనుకున్న దానికన్నా త్వరగా ఆరిపోతాయి. పది నిమిషాలకోసారి వచ్చి చేత్తో చూడండి. గింజ పైన తడి మెరుపు పోయి, గుప్పిట్లో పట్టుకుంటే చల్లగా, చెమ్మగా తగులుతూ ఉండగానే మిక్సీలో వేసేయాలి. కొంచెం కొంచెంగా పట్టి, సన్న జల్లెడలో జల్లించండి. పిండిని గుప్పిట పడితే ముద్ద కట్టాలి, వేలితో కదిపితే విడిపోవాలి. జల్లించిన పిండిని గిన్నెలో నొక్కిపెట్టి మూత పెట్టండి, లేకపోతే చివరి వాయి జల్లించేలోపు మొదటి వాయి ఎండిపోతుంది. జల్లించే పని పిల్లలకి ఇవ్వండి. నేల మీద పాత దుప్పటి పరచడం మర్చిపోవద్దు.

మిక్సీతో అంత ఓపిక లేనివాళ్ళకి ఒక దారి ఉంది. కొరియన్ షాపుల్లో ఫ్రీజర్ అరల్లో తడి బియ్యప్పిండి దొరుకుతుంది, వాళ్ళు వాళ్ళ బియ్యపు కేకులకి వాడతారు. జిగురు బియ్యంది కాకుండా మామూలు బియ్యంది తీసుకోండి. కొన్నిటిలో ఉప్పు కలిపి ఉంటుంది, ప్యాకెట్ వెనక చూసుకోండి. ఇండియన్ షాపులో దొరికే పొడి బియ్యప్పిండితో మాత్రం ప్రయత్నించకండి, అరిసె గట్టిపడుతుంది.

ఇప్పుడు పాకం. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బెల్లం తురిమి, ఒక గ్లాసు నీళ్ళలో కరిగించి, తప్పకుండా వడకట్టి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో మళ్ళీ పొయ్యి మీద పెట్టండి. పక్కన పళ్ళెంలో చల్లటి నీళ్ళు పెట్టుకోండి. పాకం నురగ పెద్ద బుడగల నుంచి చిన్న బుడగలుగా మారి, గరిటె నుంచి చిక్కగా జారడం మొదలయ్యాక, ఒక్క చుక్క నీళ్ళలో వేయండి. కరిగిపోతే ఇంకా రాలేదు. అడుగున పరుచుకుని వేళ్ళకి అంటుకుంటే దగ్గరపడింది. వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ అయి, పళ్ళెంలో పెడితే కూర్చుంటే అదే అరిసెల పాకం. ఉండ పళ్ళానికేసి కొడితే టంగుమంటే దాటిపోయింది. అమ్మ పక్కన లేనప్పుడు ఈ మెట్లలో ఎక్కడున్నామో తెలియక టెన్షన్ వస్తుంది. మిఠాయిలు చేసేందుకు వాడే థర్మామీటర్ ఏ వంటసామాన్ల షాపులోనైనా దొరుకుతుంది, అది 235 నుంచి 240 ఫారెన్‌హీట్ చూపించినప్పుడు నీళ్ళ పరీక్ష చేయండి. రెండూ కలిస్తే తప్పు జరిగే అవకాశం తక్కువ.

ఎలక్ట్రిక్ పొయ్యి అయితే స్విచ్ కట్టేసినా కాయిల్ వేడి తగ్గదు. పాకం రాగానే గిన్నెని పొయ్యి మీంచి దించేయాలి. వెంటనే యాలకుల పొడి, రెండు చెంచాల నెయ్యి, నువ్వులు వేసి, ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఉండ కట్టకుండా తెడ్డుతో కలపాలి. పిండి అంతా పట్టాలని లేదు. చలిమిడి గరిటె జారుగా ఉన్నప్పుడే ఆపేయండి, చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. మిగిలిన పిండి పక్కన పెట్టుకోండి, మొదటి అరిసె నూనెలో విచ్చిపోతే కొంచెం కలపడానికి పనికొస్తుంది. గట్టిగా వస్తే నాలుగు చుక్కల వేడి పాలు చల్లి మర్దించండి.

అరిటాకు లేకపోతే నెయ్యి రాసిన పార్చ్‌మెంట్ కాగితం. మధ్యస్థమైన సెగ మీద వేయించి, తీయగానే రెండు చిల్లుల గరిటెల మధ్య పెట్టి గట్టిగా నొక్కండి. పొగ అలారం మోగుతుందని దాని బ్యాటరీ తీసేసే అలవాటు మనవాళ్ళలో చాలామందికి ఉంది, దయచేసి ఆ పని చేయకండి. పొయ్యి మీది ఫ్యాను వేసి, ఎదురుగా ఉన్న కిటికీ తెరిస్తే చాలు. గ్యారేజీలో గ్యాస్ పొయ్యి పెట్టి వేయించడం అంతకన్నా ప్రమాదం. నూనె అంటుకుంటే నీళ్ళు పోయొద్దు, మూత పెట్టి స్విచ్ కట్టేయాలి. ఈ మాట పిల్లలకి కూడా ముందే చెప్పి ఉంచండి. వాడిన నూనె సింకులో పోస్తే గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది, డబ్బాలో పోసి చెత్తలో వేయండి.

భార్యాభర్తల్లో ఒకరిది కోస్తా, ఒకరిది తెలంగాణ అయిన ఇళ్ళు ఇక్కడ బోలెడు. తెలంగాణవాళ్ళకి సకినాలు లేని సంక్రాంతి లెక్కలోకి రాదు. మంచి సంగతేమిటంటే సకినాలకీ ఇదే తడి పిండి. సగం పిండి పక్కన పెట్టి నువ్వులు, వాము, ఉప్పు వేసి, నీళ్ళతో మెత్తగా కలిపి, బట్ట మీద చుట్లు తిప్పండి. హీటర్ గాలికి త్వరగా ఆరిపోతాయి, ఊళ్ళోలాగా గంటలకొద్దీ వదిలితే తీసేటప్పుడు విరుగుతాయి. చుట్టు తిప్పడం రాదంటారా, మొదటి ఇరవై వంకర్లు పోతాయి, పోనివ్వండి.

ముగ్గు, గొబ్బెమ్మలు

వాకిలి లేని చోట ముగ్గు ఎలా అన్నది అపార్ట్‌మెంట్‌వాళ్ళ బెంగ. కారిడార్‌లో వేస్తే మేనేజ్‌మెంట్ నుంచి మెయిల్ వస్తుంది. డాలర్ షాపులో దొరికే నల్లటి ఫోమ్ బోర్డు తెచ్చుకోండి. దాని మీద ముగ్గు పొడితో వేసి గుమ్మం లోపల పెట్టుకోవచ్చు, పండగ మూడు రోజులూ తీసి తీసి వేయవచ్చు. ఇల్లు ఉంటే గ్యారేజీ నేల బంగారం. గాలి ఉండదు, మంచు పడదు, తలుపు పైకెత్తితే వీధికి కనిపిస్తుంది. డ్రైవ్‌వే మీద వేయాలంటే ఆ వారం మంచు కరిగే ఉప్పు చల్లొద్దు, తడికి రంగంతా కొట్టుకుపోతుంది. మంచు గట్టిగా పడి ఉంటే ఇంకా సరదా: తెల్లటి మంచు మీద రంగు పొడులతోనే ముగ్గు వేయండి, పసుపు, ఎరుపు భలే కనిపిస్తాయి.

పిల్లలకి నేర్పేటప్పుడు పెద్ద రంగవల్లులు వద్దు. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేవరకు. కాగితం మీద రెండుసార్లు వేయించి, తర్వాత నేల మీద వేయించండి. కనుమ నాడు రథం ముగ్గు వేసి, దాని తాడుని పక్కింటి ముగ్గుకి కలపడం మన అలవాటు కదా. వరుసలో ఇంకో తెలుగు కుటుంబం ఉంటే సుద్దముక్కతో కాలిబాట పొడవునా తాడు గీసుకుంటూ వెళ్ళే పని పిల్లలకి అప్పచెప్పండి. తెలుగువాళ్ళు లేకపోతే పక్కింటి అమెరికన్ల వాకిలి దాకా గీయవచ్చు, ముందు అడగండి చాలు.

పేడ దొరకదు కాబట్టి గొబ్బెమ్మలకి పసుపు ముద్ద చేయాలి. రెండు పాళ్ళు గోధుమపిండి, ఒక పాలు ఉప్పు, ఒక పాలు నీళ్ళు, పైన రెండు చెంచాల పసుపు. ఉప్పు వల్ల బూజు పట్టదు. గుండ్రంగా చేసి, పైన కుంకుమ పెట్టి, చామంతి గుచ్చి, బియ్యప్పిండి చల్లండి. చుట్టూ తిరిగి పాడే గొబ్బిపాట అమ్మమ్మ చేత ఫోన్‌లో పాడించి రికార్డు చేసి పెట్టుకుంటే, యూట్యూబ్ వెతుక్కోవక్కర్లేదు.

భోగి రోజు

పిల్లల్ని నాలుగింటికి లేపాల్సిన పని లేదు. జనవరి మధ్యలో న్యూజెర్సీ వైపు ఏడూ ఇరవై ప్రాంతంలో గానీ సూర్యుడు రాడు. ఆరుంపావుకి లేపినా చిమ్మచీకటే. మంట వేసి, నువ్వుల నూనె అంటి తలస్నానం చేయించి, జుట్టు పూర్తిగా ఆరబెట్టి స్కూలు బస్సు ఎక్కించేయవచ్చు.

మంట విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. మీ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్ ఎమర్జెన్సీ కాని నంబరుకి ముందు వారం ఫోన్ చేసి, పెరట్లో చిన్న మంట వేసుకోవచ్చా అని అడగండి. చాలా ఊళ్ళు అనుసరించే ఫైర్ కోడ్ ప్రకారం నేల మీద వేసే మంట మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు దాటకూడదు, ఇంటికి 25 అడుగుల దూరంలో ఉండాలి. కాలనీ ఇళ్ళ యజమానుల సంఘాల నియమాలు ఇంకా గట్టిగా ఉండవచ్చు. పెద్ద హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఇనుప ఫైర్ పిట్ కొనుక్కుంటే పని సులువు. ఊళ్ళోలాగా పాత కుర్చీ తెచ్చి పడేయకండి. ఇక్కడి సామాన్లలో అట్టచెక్క, రంగు, జిగురు ఎక్కువ, ఆ పొగ మంచిది కాదు. ఎండు కట్టెలు, ఒక ముక్క కొబ్బరిచిప్ప, పిల్లల పాత హోంవర్క్ కాగితాలు. చివరిది వేసేటప్పుడు వాళ్ళ ఉత్సాహం చూడాలి. బకెట్ నీళ్ళు పక్కనే పెట్టుకుని, బూడిద చల్లారేదాకా ఉండండి. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళకి జనవరి నడివేసవి, మంటలు పూర్తిగా నిషేధించే రోజులు ఉంటాయి, ఆ రోజు చూసుకోకుండా అగ్గిపుల్ల గీయకండి. అపార్ట్‌మెంట్‌లో హాలులో ఫైర్‌ప్లేస్ ఉంటే అదే భోగిమంట. అదీ లేకపోతే ఇత్తడి పళ్ళెంలో కర్పూరం. బాల్కనీలో బొగ్గులు, గ్యారేజీలో మంట, ఇవి రెండూ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

సాయంత్రం భోగిపళ్ళు. రేగిపళ్ళ కోసం తిరగడం మొదలుపెడితే వారం పోతుంది. చైనీస్ షాపుల్లో ఎండు ఎర్ర రేగిపళ్ళు ఏడాది పొడుగునా ఉంటాయి, అవి చాలు. కొందరు ఎర్ర క్రాన్‌బెర్రీలు వాడుతున్నారు, రంగూ సైజూ కుదురుతాయి గానీ తివాచీ మీద నలిగితే మరక పోదు. కార్పెట్ మీద ముందే పాత దుప్పటి పరచండి. నానబెట్టిన సెనగలు, చెరుకు ముక్కలు, పూల రెక్కలు, అక్షింతలు, చిల్లర కలిపి మూడుసార్లు దిష్టి తీసి పోయండి.

ఒక్క జాగ్రత్త. నాలుగేళ్ళ లోపు పిల్లలకి గుండ్రటి పళ్ళు, సెనగలు, నాణేలు గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది. భోగిపళ్ళు పోసేదేమో సరిగ్గా ఆ వయసు పిల్లలకే. పూల రెక్కలు, మరమరాలు ఎక్కువ వేసి, రేగిపళ్ళు, నాణేలు నాలుగైదు మాత్రం వేసి, పోసిన వెంటనే ఒకరు దుప్పటి నాలుగు మూలలూ పట్టి ఎత్తేయండి. వచ్చిన పిల్లలు చిల్లర ఏరుకోవాలి కదా అంటే, పెద్దవాళ్ళైన పిల్లలకి దుప్పటి పక్క గదిలో విప్పండి.

సంక్రాంతి రోజు

ఇది పనిరోజు అయితే పొద్దున పొంగలి, సాయంత్రం భోజనం. అంతకుమించి పెట్టుకోకండి. సెలవు పెట్టగలిగితే ఒకరైనా పెట్టండి. పిల్లల స్కూలుకి మతపరమైన పండగ అని ముందే మెయిల్ రాసి సెలవు అడగవచ్చు, నియమాలు ఊరికో తీరు.

పాలు పొంగించే ఆచారం ఉన్నవాళ్ళకి పొయ్యి ఒక సమస్య. ఇత్తడి గిన్నె ఇండక్షన్ మీద పని చేయదు, అడుగు గుండ్రంగా ఉన్నది గాజు పొయ్యి మీద నిలవదు. అడుగు చదునుగా ఉన్న స్టీలు గిన్నెకి పసుపు కొమ్ము కట్టి, చిన్న ప్లగ్ పొయ్యిని అంచులున్న బేకింగ్ ట్రేలో పెట్టి, ఇంట్లో తూర్పు కిటికీ దగ్గర పొంగించండి. నాలుగు చుక్కలు పొంగితే చాలు. ఆ తర్వాత కొత్త బియ్యం, అంటే కొత్తగా విప్పిన సంచి బియ్యం, పావు వంతు పెసరపప్పు. బెల్లం విడిగా కరిగించి, కాస్త చల్లారాక, అన్నం పూర్తిగా ఉడికి పొయ్యి కట్టేశాక కలపండి. మరుగుతున్న పాలలో బెల్లం పడితే విరుగుతాయి.

సాయంత్రానికి గుమ్మడికాయ పులుసు పెట్టండి. జనవరికల్లా మామూలు షాపుల్లో నారింజ రంగు గుమ్మడికాయలు దొరకడం కష్టం. బటర్‌నట్ స్క్వాష్‌గానీ జపాన్ గుమ్మడి కబోచాగానీ దొరుకుతాయి, పులుసులో కబోచా రుచి బాగుంటుంది. చిలగడదుంప, ఫ్రీజర్‌లో దొరికే చిక్కుడు గింజలు, బెల్లం ముక్క. ఈ రోజు గుమ్మడికాయ దానం ఇచ్చే ఇళ్ళవాళ్ళు, గుళ్ళో ఇవ్వడంతోపాటు ఒక బియ్యం సంచి దగ్గర్లోని ఫుడ్ బ్యాంక్‌లో ఇచ్చి రావచ్చు. క్రిస్మస్ అయ్యాక అక్కడ ఇచ్చేవాళ్ళు తగ్గుతారు.

కనుమ, ఆ వెనక శనివారం

కనుమ నాడు మినుము తినాలంటారు, కాబట్టి గారెలు. తినేవాళ్ళ ఇళ్ళలో దానిపక్కన కోడికూర. సూపర్‌మార్కెట్ బ్రాయిలర్‌తో ఆ రుచి రాదు. న్యూజెర్సీ, న్యూయార్క్ లాంటి చోట్ల బతికున్న కోళ్ళు కోసి ఇచ్చే షాపులుంటాయి, అక్కడ ముదురు పెట్ట అడగండి, కుక్కర్లో నాలుగు విజిళ్ళు ఎక్కువ పెట్టుకోండి. కోడిపందేల సరదా మాత్రం గుర్తు చేసుకోవడం వరకే. ఇక్కడ యాభై రాష్ట్రాల్లోనూ అది నేరం, ఊళ్ళో కూడా చట్టం ఒప్పుకోదనుకోండి.

పశువుల పండగ పశువులు లేకుండా ఎలా అంటే, పిట్టలున్నాయి. మన ఇళ్ళలో చూరుకి వరికంకుల కుచ్చు కట్టేది పిచ్చుకల కోసమే. బర్డ్ ఫీడర్ కొని, గింజలు నింపి, పెరట్లో కట్టే పని పిల్లలది. మంచులో పిట్టలకి నిజంగానే తిండి కరువు, సాయంత్రానికల్లా వస్తాయి.

శనివారం పేరంటానికి వంటలు పంచేటప్పుడు "ఏదో ఒకటి తీసుకురండి" అనకండి, ఐదు ఇళ్ళ నుంచి ఐదు పులిహోరలు వస్తాయి. పేరు పెట్టి ఒక్కొక్కరికి ఒక్కో వంట చెప్పండి. గుమ్మం దగ్గర బూట్లకి పెద్ద ప్లాస్టిక్ ట్రే పెట్టండి, లేకపోతే కరిగిన మంచుతో పట్టుచీర అంచులు తడుస్తాయి. బొమ్మల కొలువుకి మెట్లు కొనక్కర్లేదు, డెలివరీ అట్టపెట్టెలు పేర్చి తెల్ల దుప్పటి కప్పితే సరి, మూడో ఐదో బేసి సంఖ్య. పై మెట్టు మీద దేవుడు, తర్వాత కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు ఏవుంటే అవి. అడుగు మెట్టు పూర్తిగా పిల్లలకి వదిలేయండి. అక్కడ లెగో రైలు, డైనోసార్లు వచ్చి చేరతాయి, చేరనివ్వండి. గాలిపటాలకి గాలి చూసుకోండి, మామూలు నూలు దారమే వాడండి. గాజు పూసిన దారం, నైలాన్ మాంజా పిట్టలకీ మనుషులకీ ప్రమాదమని ఇండియాలోనే 2017లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ నిషేధించింది.

మిగిలిన అరిసెలు గాలి చొరని డబ్బాలో పెడితే రెండు మూడు వారాలు బయటే ఉంటాయి. ఆఫీసుకి, పక్కింటికి పంపేటప్పుడు డబ్బా మీద నువ్వులు ఉన్నాయని పెద్ద అక్షరాలతో రాయండి. 2023 నుంచి అమెరికాలో నువ్వుల్ని ప్రధాన అలర్జీ పదార్థాల జాబితాలో చేర్చారు. పిల్లల క్లాసుకి పంపాలంటే ముందు టీచర్‌ని అడగండి. ఇంట్లో చేసినవి ఒప్పుకోని స్కూళ్ళు చాలా ఉన్నాయి, అలాంటప్పుడు ఒక ముగ్గు కాగితం పంపినా సరిపోతుంది.